చెప్పులు విప్పి వచ్చినవాడు

అమెరికాలో, అల్ఫారెట్టా అనే ఊళ్ళో మేం కాపురమున్న అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లోనే ఒక లైబ్రరీ ఉండేది. పుస్తకాలతో పాటు సినిమా డీవీడీలు కూడా ఊరికే ఇచ్చేవారు. ఫోన్లు ఇంకా మడతపెట్టి జేబులో వేసుకునే రోజులవి. నాకు డ్రైవింగ్ లైసెన్స్ వచ్చాక ఎవరూ పక్కన లేకుండా వెళ్ళిన మొదటి చోటు అదే. కొత్త సినిమాల జోలికి వెళ్ళేదాన్ని కాదు. వాటిలో వాళ్ళు మాట్లాడిన ముక్క నా బుర్రకెక్కేలోపే ఇంకో నాలుగు ముక్కలు దాటిపోయేవి. పాత నలుపు తెలుపు సినిమాల్లో మనుషులు తీరిగ్గా, నోరు పూర్తిగా తెరిచి మాట్లాడతారు. తిట్టుకున్నా అర్థమయ్యేలా తిట్టుకుంటారు. అందుకని శనివారం శనివారం వాటినే తెచ్చుకునేదాన్ని. "నువ్వు పుట్టకముందే పోయినవాళ్ళతో నీకు ఇంత ఫ్రెండ్‌షిప్ ఏంటి?" అని మా ఆయన నవ్వేవాడు.

పైన్ చెట్ల పుప్పొడి ఊళ్ళో కార్లన్నిటికీ పసుపు పూసిన రోజుల్లో మా అత్తయ్య, మా ఆయన వాళ్ళమ్మ, మా దగ్గర ఉండటానికి వచ్చారు. మామయ్యగారు పోయి అప్పటికి ఏడాది దాటింది. అత్తయ్యకి నీటికాసులు. డాక్టర్లు గ్లకోమా అంటారు. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో దాంట్లో ఎదురుగా కాస్త మేర వెలుతురూ నీడా తెలిసేవి, అంతే. పోయిన చూపు ఇంక రాదని, ఉన్నది పోకుండా చుక్కలు వేసుకోమని చెప్పి పంపించారు. ఆ చుక్కల సీసా ఆవిడ బొడ్డులో దోపుకునే సంచిలో, తాళాల పక్కన ఉండేది. ఎవర్నీ వెయ్యనిచ్చేవారు కాదు.

వచ్చిన కొత్తలో ఆవిడకి మా ఇల్లు అస్సలు నచ్చలేదు. ఆవిడకి చిరాకు తెప్పించిందల్లా నిశ్శబ్దం. మన దగ్గర గ్యాస్ పొయ్యి వెలిగిస్తే బుస్సుమంటుంది, సెగ తగ్గిస్తే ఆ బుస తగ్గుతుంది. ఇక్కడ అపార్ట్‌మెంట్‌లో కరెంటు చుట్ట పొయ్యి. అది ఎర్రగా కాలుతున్నా కిక్కురుమనదు. "ఇదేం పొయ్యే అమ్మాయ్, మూగది" అన్నారు. తర్వాత అరచెయ్యి పైన ఎత్తుగా పెట్టి, వేడి ఎంతవరకు వచ్చిందో చూసుకోవడం నేర్చుకున్నారు. మైక్రోవేవ్ అంటే మాత్రం ఇష్టం. పని అయిపోగానే చెబుతుందని. "ఈ ఇంట్లో నోరున్నది ఇదొక్కటే" అనేవారు. నన్ను పక్కన పెట్టుకునే అనేవారు.

అన్నిటికన్నా ఆవిడ తిట్టుకున్నది కార్పెట్‌ని. గోడ నుంచి గోడ దాకా మెత్తటి కార్పెట్. మన ఇళ్ళలో గచ్చు మీద మనిషి నడిస్తే తెలుస్తుంది. మట్టెల చప్పుడుని బట్టి ఎవరో కూడా తెలుస్తుంది. ఇక్కడ మనం చెప్పులు గుమ్మం దగ్గరే విప్పేస్తామా, ఒట్టి కాళ్ళతో ఆ మెత్తదాని మీద నడుస్తామా, ఇంక ఏనుగు వచ్చినా వినపడదు. "నీ మట్టెలు కూడా మింగేస్తోంది చూడు" అని ఒకసారి వంగి కార్పెట్‌ని అరచేత్తో కొట్టారు. నేను నవ్వాను. అప్పుడు నాకు అది నవ్వే విషయంలాగే అనిపించింది.

ఆవిడ బళ్ళో టీచరుగా చేసి రిటైరయ్యారు. సినిమాలంటే ప్రాణం. ఉద్యోగం చేసే రోజుల్లో ఆదివారం మ్యాట్నీ తప్పేది కాదట. చూపు తగ్గాక హాలుకి తీసుకెళ్ళేవాళ్ళు లేకపోయారు. కనపడనిదానికి సినిమా ఎందుకని పైకి ఎవరూ అనలేదు, పిలవడం మానేశారు. ఆవిడ ఈ మాట మామూలుగానే చెప్పారు గాని నాకు ఒళ్ళు మండింది. ఆ శనివారమే ఆవిణ్ణి సోఫాలో నా పక్కన కూర్చోబెట్టుకుని, డీవీడీ పెట్టి, సినిమా చెప్పడం మొదలుపెట్టాను.

సినిమా చెప్పడం మనవాళ్ళకి కొత్తేమీ కాదు. చిన్నప్పుడు సినిమా చూసొచ్చిన పిల్ల చూడని పిల్లలందరికీ వీధరుగు మీద కూర్చుని, పాటలు ఫైటింగులతో సహా చెప్పేది. వినేవాళ్ళు ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే చెప్పేవాళ్ళకి ముందుకు సాగదు. అత్తయ్య ఊ కొట్టడంలో ఆరితేరిన మనిషి. పొట్టి ఊ అంటే కానీ అని. కొంచెం సాగదీసిన ఊ అంటే నాకిది ముందే తెలుసులే అని. ముక్కుతో అనే ఊ ఒకటుంది, అంటే ఈ హీరో నాకు నచ్చలేదు అని. నేను డైలాగులు తెలుగులోకి తిప్పుతూ, ఎవరెక్కడ కూర్చున్నారో, ఏం కట్టుకున్నారో చెబుతూ పోతుంటే, ఆవిడ ఊ నన్ను వెనకనుంచి తోస్తూ ఉండేది. నా ఇంగ్లీషు ఎక్కడైనా తడబడితే నా సొంత డైలాగు పెట్టేసేదాన్ని. చాలావాటికి నాదే బాగుండేది.

ఇలా హాయిగా ఉండగా నాకు వర్క్ పర్మిట్ కార్డ్ వచ్చింది. దాని కోసం నేను ఎన్నాళ్ళు ఎదురు చూశానో, పోస్ట్ బాక్స్ తలుపు ఎన్నిసార్లు తీసి వేశానో చెబితే మీకు విసుగొస్తుంది. కార్డ్ వచ్చిన కొన్నాళ్ళకే మెడికల్ బిల్లింగ్ చేసే ఒక చిన్న ఆఫీస్‌లో ఉద్యోగం కూడా దొరికింది. నెలాఖరు దాటాక చేరమన్నారు. నేను గాల్లో తేలుతూ ఇంటికొచ్చి చెబితే అత్తయ్య నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. మా ఆయన మాత్రం అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు.

"మరి డే టైమ్‌లో అమ్మ?" అన్నాడు.

"ఇంట్లో ఉంటాను. ఇంకెక్కడికి పోతానురా?" అన్నారు అత్తయ్య.

"ఒక్కదానివీ ఎలా ఉంటావమ్మా? స్టవ్ ఉంది, బాత్‌టబ్ ఉంది. ఏదైనా అయితే?"

అతని భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మామయ్యగారు స్నానాలగదిలో జారిపడి పోయారు. అత్తయ్య గుడికి వెళ్ళిన కాసేపట్లో జరిగిపోయింది. మా ఆయన ఇక్కణ్ణుంచి విమానమెక్కి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఎవరో ఒకరు చూస్తూ ఉండి ఉంటే అలా జరిగేది కాదని అతని మనసులో పడిపోయింది. అందుకని నేను వెంటనే గొడవ పెట్టుకోలేదు. ఆఖరికి ఆ నెలాఖరులోపు ఆలోచించి చెబుతానన్నాడు. అత్తయ్య ఇంట్లో ఒక్కరూ ఉండగలరని నమ్మకం కుదిరితే నేను ఉద్యోగంలో చేరతాను. కుదరకపోతే, నేను మానెయ్యాలి, లేదా పెద్దవాళ్ళని పగలంతా కూర్చోబెట్టి సాయంత్రం అప్పజెప్పే సెంటర్‌లో ఆవిణ్ణి దించాలి. "బాలవాడీలో దించినట్టా?" అన్నారు అత్తయ్య. జీవితమంతా పిల్లల్ని కూర్చోబెట్టిన మనిషి ఆ మాట నవ్వుతూ అన్నా, ఆ పూట సరిగ్గా తినలేదు.

ఓ వారం పోయాక నేను ఆ ఆఫీస్‌లో కాగితాలు ఇవ్వడానికి పొద్దున వెళ్ళి మధ్యాహ్నం దాటాక వచ్చాను. అత్తయ్య మామూలుగానే ఉన్నారు, కాకపోతే కొంచెం తక్కువ మాట్లాడారు. సాయంత్రం మా ఆయన నన్ను బాల్కనీలోకి పిలిచి తలుపు మూశాడు.

"ఇవాళ లంచ్ టైమ్‌లో ఇంటికొచ్చాను. ఊరికే, అమ్మ ఎలా మేనేజ్ చేస్తోందో చూద్దామని. డిస్టర్బ్ చెయ్యకుండా అలా నుంచుని చూశాను. టీ పెట్టుకుంది. కప్పులో పోసేటప్పుడు చెయ్యి ఎలా వణికిందో తెలుసా నీకు? సగం టీ కౌంటర్ మీదే పోసింది. వేళ్ళు కాలాయి. నా కళ్ళతో నేను చూశాను. నన్ను రిస్క్ తీసుకోమనకు, ప్లీజ్."

ఆవిడ చెయ్యి వణకడం నేనెప్పుడూ చూడలేదు. నా ఎదురుగా ఆవిడ చుక్క ఒలకకుండా టీ పోస్తారు, కప్పు అంచు మీద వేలు పెట్టుకుని, వేడి వేలికి తగలగానే ఆపేస్తారు. నేను ఇంట్లో ఉన్నానన్న ధైర్యంతో అలా ఉంటున్నారేమో, ఒక్కరూ ఉంటే భయపడుతున్నారేమో అనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి చూస్తే ఆవిడ కుడిచేతి వేళ్ళకి వెన్న రాసి ఉంది. ఏమైందని అడిగితే "ఏం లేదులే, ధ్యాస తప్పింది" అన్నారు. నా ఉద్యోగం అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవలేక కుళాయి తిప్పి, కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడిగాను.

ఆ శనివారం లైబ్రరీలో నేను ఏ సినిమా తీసుకుంటున్నానో కూడా చూసుకోలేదు. అట్ట మీద మెట్ల రెయిలింగ్ మీద ఆడమనిషి చెయ్యి ఒక్కటే ఉంది. బాగుందని తెచ్చేశాను. పేరు ఇప్పుడు గుర్తులేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మా ఆయన కారుకి ఆయిల్ మార్పించడానికి వెళ్ళాడు. అత్తయ్య కాళ్ళు పైకి పెట్టుకుని, తమలపాకు దొరకని దేశంలో ఒట్టి వక్కపొడి నోట్లో వేసుకుని, "ఊ, కానీ" అన్నారు.

పేర్లు పడటం అయిపోయి కథ కాస్త నడిచేసరికి నేను ఎలాంటి సినిమా తెచ్చానో తెలిసిపోయింది. కథలో ఒక అమ్మాయి. పియానో పాఠాలు చెబుతుంది. మేడ మీద వాటాలో ఒక్కతే ఉంటుంది. ఆమెకి రెండు కళ్ళూ కనపడవు. ఒకనాడు మెట్ల మీద ఒక హత్య జరుగుతుంది. దానికి సాక్షి ఆ అమ్మాయి ఒక్కతే. ఆమె చూడలేదు, హంతకుడి గొంతు వింది. ఈమె తన గొంతు గుర్తుపడుతుందని వాడికి తెలిసిపోయింది. ఇంక వాడు వస్తాడు.

కావాలని చేస్తే ఇంతకన్నా దరిద్రంగా చెయ్యలేం. ఆపేద్దామా అంటే ఎందుకు ఆపావంటారు. పాడయిందని అబద్ధం చెబుదామా అంటే అవతల మాటలు చక్కగా వినిపిస్తున్నాయి. సరేలే, నా చేతిలో పనే కదా అని కథ మార్చడం మొదలుపెట్టాను. హత్యని దొంగతనం చేశాను. హంతకుణ్ణి ఆ అమ్మాయిని పెళ్ళి చేసుకోవాలని తిరిగే మేనబావని చేశాను. అత్తయ్య ఊ కొడుతున్నారు గాని, ఆ ఊలు పల్చబడుతున్నాయి. నేను పట్టించుకోలేదు.

అప్పుడు ఆ సీను వచ్చింది. అమ్మాయి బయటనుంచి వచ్చి తలుపు గడియ పెట్టుకుంటుంది. వాడు అప్పటికే లోపల ఉన్నాడు. అడుగుల చప్పుడవుతుందని బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు. గోడకి ఆనుకుని, నిలువు గడియారం పక్కన నిలబడ్డాడు. నోరు తెరిస్తే గొంతు తెలిసిపోతుందని ఊపిరి బిగబట్టాడు. ఆమె కోటు తగిలించి, టీ నీళ్ళు పెట్టుకుంటోంది. వాడు ఆమెనే చూస్తున్నాడు. సంగీతం పూర్తిగా ఆగిపోయింది. గడియారం ఒక్కటే కొట్టుకుంటోంది.

"ఆ అమ్మాయి టీ పెట్టుకుంటోంది అత్తయ్యా" అన్నాను.

ఊ రాలేదు.

"టీ తాగుతోంది. బయట వాన పడుతోంది."

ఊ రాలేదు. నేను పక్కకి తిరిగి చూశాను. అత్తయ్య కాళ్ళు కిందికి దించి, సోఫా అంచు మీదకి జరిగి, మెడ చాపి వింటున్నారు. కాలిన వేళ్ళు ఒళ్ళో ముడుచుకుని ఉన్నాయి.

"కథ మారుస్తున్నావే అమ్మాయ్."

"లేదత్తయ్యా."

"నేను ఎంతమంది పిల్లల అబద్ధాలు విన్నానో నీకేం తెలుసు? పాట ఆగిపోయింది. ఆ పిల్ల ఊపిరి నాకు వినపడుతోంది. టీ తాగే మనిషి అలా ఊపిరి తీస్తుందా? గదిలో ఎవరో ఉన్నారు. ఉన్నారా లేదా?"

ఇంక దాచలేకపోయాను. "ఉన్నాడు."

"ఎక్కడ?"

"గడియారం దగ్గర. గోడకి ఆనుకుని."

"ఏం చేస్తున్నాడు?"

"ఏమీ చెయ్యట్లేదు. ఆమెని చూస్తున్నాడు."

"చెప్పులు విప్పేశాడా?"

ఆవిడకి ఎలా తెలుసు? "విప్పేశాడు" అన్నాను.

"ఊ" అన్నారు అత్తయ్య. తర్వాత నా మోకాలి మీద చిన్న దెబ్బ వేసి, "వినపడేది నువ్వు చెప్పక్కర్లేదు, నాకు చెవులున్నాయి. వినపడనిదే చెప్పాలి. గదిలో మనిషున్నాడని చెప్పకపోతే ఇంక నువ్వు నా పక్కనుండి ఏం లాభం?" అన్నారు. కోపంగా అనలేదు. అయినా నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మిగతాది ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ అమ్మాయి ఎవరది అని అడుగుతుంది, జవాబు రాదు. వాడు ఒకడుగు పక్కకి వేసి గడియారానికి అడ్డం వస్తాడు. ఆ చప్పుడు కాస్త మందగించేసరికి ఆమెకి తెలిసిపోతుంది. ఏమీ తెలియనట్టే నడుచుకుంటూ వెళ్ళి ఆ గడియారాన్ని వాడి మీదకి తోసేస్తుంది. వాడు బాధకి అరుస్తాడు. ఆ అరుపులో గొంతు దొరికిపోతుంది. కింద వాటావాళ్ళు పరుగెత్తుకొస్తారు. అత్తయ్య ప్రతిదానికీ ఊ కొట్టారు. చివర్లో ఆ అమ్మాయి మళ్ళీ పియానో ముందు కూర్చుంటే, "మంచి పిల్ల" అన్నారు. ఆ తర్వాత మంచినీళ్ళు అడిగి తాగారు.

"మనింట్లోకీ వచ్చాడు ఒకడు" అన్నారు గ్లాసు కింద పెట్టి. "మొన్న నువ్వు కాగితాలివ్వడానికి వెళ్ళావే, ఆరోజు."

ఆవిడ నెమ్మదిగా చెప్పుకొచ్చారు. వంటింట్లో నిలబడి టీ పెట్టుకుంటుంటే, హాల్లో పైనుంచి ఏసీ గాలి ఎప్పుడూ ఆవిడ వీపుకి తగులుతూ ఉంటుందట. ఆరోజు ఉన్నట్టుండి ఆ గాలి తగలడం ఆగింది. ఏసీ చప్పుడు మాత్రం వస్తూనే ఉంది. అంటే గాలికి అడ్డంగా ఎవరో నిలబడ్డారు. టీ నీళ్ళకి కుళాయి తిప్పినప్పుడు తలుపు తీశారేమో, ఆ చప్పుడూ తెలియలేదు. అడుగుల చప్పుడూ లేదు. "ఎవరూ?" అన్నారట. పలకలేదు. "ఎవరది?" అని మళ్ళీ అడిగారట. పలకలేదు.

"కొత్త దేశం. దొంగెవడో అనుకున్నాను. అరిస్తే గొంతు పిసుకుతాడేమో, అరవకపోతే వెళ్ళిపోతాడేమో అని టీ పోస్తూ ఉన్నాను. చెయ్యి నా మాట వినలేదు. వేళ్ళు కాలాక ఒక చప్పుడు వినపడింది, టిక్కుమని. వాడి మెళ్ళో ఆఫీసు కార్డు ఉంటుందే, అది చొక్కా గుండీకి తగిలిన చప్పుడు. అప్పుడు తెలిసింది నాకు, దొంగ కాదు, నా కొడుకని. తెలిసినట్టు పైకి కనపడనివ్వలేదు. కాసేపటికి గాలి మళ్ళీ తగిలింది. వెళ్ళిపోయాడు."

నేను లేచి నిలబడ్డాను. కోపం నెత్తికెక్కింది. అతను అలా నిలబడ్డాడు కాబట్టి ఆవిడ చెయ్యి వణికింది. చెయ్యి వణికింది కాబట్టి ఆవిడ ఒక్కరూ ఉండలేరని తీర్పు. పైగా 'డిస్టర్బ్ చెయ్యకుండా చూశాను' అని నాతో గొప్పగా చెప్పుకోవడం! ఆవిడ రెండుసార్లు పిలిచారని మాత్రం చెప్పలేదు. ఫోన్ కోసం వెతుక్కుంటుంటే అత్తయ్య నా మణికట్టు పట్టుకున్నారు.

"నువ్వు చెప్పకు. నీ ఉద్యోగం కోసం చెబుతున్నావంటాడు. నేను చెబితే, నన్ను తప్పుపడుతోంది అమ్మ అని కుమిలిపోతాడు. వాడు చెడ్డవాడా ఏంటి? వాళ్ళ నాన్నని చూడలేకపోయాడు, నన్నయినా చూస్తూ ఉండాలని వాడి తాపత్రయం. చూస్తూ ఉంటే చావు రాదనుకుంటున్నాడు పిచ్చి సన్నాసి." నా మణికట్టు వదిలి అడిగారు. "ఈ సినిమా ఎప్పుడు తిరిగి ఇవ్వాలి?"

"ఇంకా టైముంది."

"అయితే రేపు వాణ్ణి చెప్పమందాం."

మర్నాడు ఆదివారం. పప్పూ, వంకాయ వేపుడూ తిని మా ఆయన సోఫాలో వాలిపోయి ఉండగా అత్తయ్య వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఒరేయ్, నిన్న సినిమా సరిగ్గా తెలియలేదురా నాకు. ఈ అమ్మాయి కథ మార్చేస్తోంది. నువ్వు చెప్పు."

"నాకు రాదమ్మా అలా చెప్పడం. నువ్వు చెప్పవే" అన్నాడు నాతో.

"నాకు చపాతీ పిండి కలపాలి" అని వంటింట్లోకి వెళ్ళిపోయాను. నేను పెట్టి వచ్చిన సినిమా మొదలైంది.

పాపం నిజంగానే రాదు. ఆఫీసు మీటింగ్‌లో చెప్పినట్టు చెబుతున్నాడు. "ఆమె ఇంట్లోకి ఎంటర్ అయింది. స్టూడెంట్ వచ్చాడు. పియానో ప్లే చేస్తున్నారు. నెక్స్ట్ సీన్." అత్తయ్య అన్నిటికీ ఒకే ఊ కొడుతున్నారు, చదువు రాని పిల్లాడి చేత ఎక్కాలు చెప్పించుకుంటున్నట్టు. పోనుపోను అతని గొంతు మారింది. కథలో పడ్డాడు. హత్య జరిగేసరికి "అమ్మా, ఇది నీకెందుకు, ఆపేద్దాం" అన్నాడు. "చెప్పరా" అన్నారావిడ. ఆ తర్వాత అతను ఇంగ్లీషు మాటలు మానేసి చెప్పడం నాకు వినిపించింది. చిన్నప్పుడు అమ్మ దగ్గర పాఠం అప్పజెప్పినప్పుడు అలాగే చెప్పి ఉంటాడు.

గడియారం చప్పుడు వినపడగానే నేను పిండి చేతులతోనే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను.

"వాడు లోపలే ఉన్నాడమ్మా" అన్నాడు.

"ఊ."

"బూట్లు విప్పేశాడు. చేత్తో పట్టుకున్నాడు."

"ఊ."

"గోడకి ఆనుకుని నుంచున్నాడు. ఆమెకి తెలీదు. ఆమె టీ పెట్టుకుంటోంది. వాడు..."

"ఊ."

"వాడు చూస్తున్నాడు. ఆమె ఏం చేస్తోందో చూస్తున్నాడు. ఆమె చెయ్యి..."

ఆగిపోయాడు. అతని మొహం నాకు పక్కనుంచి కనపడుతోంది. ముందు అర్థం కాలేదు, ఆ తర్వాత అర్థమైంది. అతను అమ్మ మొహం చూడలేదు. ఆవిడ ఒళ్ళో ఉన్న చేతిని, కాలిన తోలు ఊడుతున్న రెండు వేళ్ళనీ చూశాడు.

"ఊ" అన్నారు అత్తయ్య. చాలా మెత్తగా అన్నారు. అతను చెప్పలేదు. సినిమా మాత్రం తన మానాన తను నడుస్తోంది. తెర మీద ఆ అమ్మాయి కప్పు పట్టుకుని, వాడున్న వైపు కాకుండా వేరే వైపు తిరిగి, "హూ ఈజ్ దేర్?" అంది. అక్కడ ఎవరూ పలకలేదు. గడియారం కొట్టుకుంటూనే ఉంది.

"నేనేనమ్మా" అన్నాడు మా ఆయన.

అత్తయ్య అతని వైపు చెయ్యి చాపారు, కొంచెం పక్కకి పోయింది. అతను ఆ చెయ్యి అందుకుని తన మొహానికి పెట్టుకున్నాడు. "తెలుసురా నాన్నా" అన్నారావిడ. "రెండుసార్లు పిలిచావు" అన్నాడు. "ఆ, పిలిచాను." "పలకలేదు." "పలకలేదు. పోనీలే. ఇప్పుడు పలికావు కదా." నేను చేతులకి పిండి ఉందన్నది మర్చిపోయి కళ్ళు తుడుచుకున్నాను. అటు సినిమాలో గడియారం పడిపోయింది, వాడు అరిచాడు, కింద వాటావాళ్ళు వచ్చారు. మాలో ఎవరమూ చూడలేదు.

నెలాఖరు దాటాక నేను ఉద్యోగంలో చేరాను. దాని గురించి మళ్ళీ చర్చ జరగలేదు. మా ఇంట్లో మారింది ఒక్కటే పద్ధతి. ఎవరు తలుపు తీసుకుని వచ్చినా, చెప్పులు విప్పకముందే "నేనే" అనాలి. గది మారినా అనాలి, గదిలోంచి వెళ్ళిపోతున్నా అనాలి. ఇంట్లో చెప్పులేమిటని జన్మంతా పిల్లల వెంటపడి అరిచిన అత్తయ్యే కొడుకు చేత హవాయి చెప్పులు కొనిపించి, లోపల టపటపలాడించుకుంటూ తిరగమన్నారు. మా ఆయన మధ్యాహ్నం అప్పుడప్పుడు ఇంటికి వచ్చేవాడు. కింద మెట్ల దగ్గర నుంచే "అమ్మా, నేనే" అని కేకేసేవాడు. పక్కవాటా అమెరికన్ ముసలాయన ఒకరోజు నన్ను ఆపి, మీ ఆయన రోజూ ఏమని అరుస్తాడు, ప్రార్థనా అని అడిగాడు. కాదని చెప్పబోయి, చెప్పలేక, అలాంటిదే అన్నాను.

ఒకరోజు అతను వచ్చేసరికి కౌంటర్ మీద రెండు కప్పులున్నాయట. ఒకటి అంచుదాకా పోసి ఉంది. కౌంటర్ మీద చుక్క లేదు. "నుంచుని తాగుతావా, కూర్చుని తాగుతావా?" అన్నారట అత్తయ్య. ఆరోజు అతను ఆఫీస్‌కి ఆలస్యంగా వెళ్ళాడు.

ఆ తర్వాత మేం ఇల్లు కొనుక్కున్నాం. కింద అంతా చెక్క నేల. పిల్లి నడిచినా వినపడుతుంది. అత్తయ్య ఆ ఇంట్లో కొన్నేళ్ళు, బాధపడాల్సినవి ఉన్నా మొత్తానికి హాయిగానే, ఒక్కరూ టీ పెట్టుకుంటూ, నా చేత సినిమాలు చెప్పించుకుంటూ గడిపారు. ఆవిడ పోయాక నాకు చాలాకాలం సినిమా చూడబుద్ధి కాలేదు. తెర మీద ఏదో జరుగుతుంటే నోటిదాకా మాట వచ్చేది, పక్కన ఊ ఉండేది కాదు.

ఇప్పుడు ఇంట్లో ఉన్న మా ఇద్దరికీ కళ్ళు బాగానే కనపడతాయి. గ్యారేజ్ తలుపు లేచిన చప్పుడుకే వచ్చింది ఎవరో నాకు తెలిసిపోతుంది. అయినా మా ఆయన రోజూ గుమ్మంలో ఒక్క క్షణం ఆగుతాడు. చెప్పులు విప్పకముందు, కొంచెం గొంతెత్తి, "నేనే" అంటాడు.

లోపల నేను ఏ పనిలో ఉన్నా సరే, ఆ పని ఆపి, "ఊ" అంటాను.